గాలి పెట్టె

కాగితం ముక్క కదలడం మానేసింది. ఇప్పటిదాకా గోడకున్న జాలీ ముందు, దారం కొసన, చంటిపిల్ల పాదంలా ఆడుతూ ఉన్నది కాస్తా ఇక నావల్ల కాదు తల్లీ అన్నట్టు నిటారుగా వేలాడిపోయింది. ఆమె మంచం మీద వెల్లకిలా పడుకుని దాన్నే చూస్తోంది. చూడకూడదనుకుంటూనే చూస్తోంది. నిద్రపోవాల్సిన మనిషి కాగితం ముక్కకు కాపలా కాయడమేమిటి, మూసుకో కళ్ళు, అని తనను తానే కసురుకుని మూసుకుంది. మూసిన రెప్పల వెనక కూడా ఆ దిక్కుమాలిన కాగితం కదలకుండా వేలాడుతూనే ఉంది. రోజూ ఇంతే. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగి, ఇంటికొచ్చి, స్నానం చేసి, రెండు ముద్దలు మింగి, పెరట్లో ఉన్న ఈ గదిలోకి వచ్చి తలుపు లాగి పడుకునేసరికి గాలి చక్కగా వస్తూనే ఉంటుంది. హమ్మయ్య అనుకుని ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిరిగేలోగా ఆగిపోతుంది. ఆగిందంటే ఇక మొదలు, ముందు నుదురు బరువెక్కుతుంది, తరువాత నోరెండుతుంది, ఆ తరువాత తను వదిలిన ఊపిరినే తను మళ్ళీ పీల్చుకుంటున్నానన్న సంగతి గుర్తొస్తుంది, ఎంగిలి గాలి, ఒకరి ఎంగిలి కూడా కాదు తన ఎంగిలే, ఆ ఆలోచన వచ్చిన మనిషికి ఇంకెక్కడి నిద్ర. ఏసీ మాత్రం హాయిగా తిరుగుతోంది. ఏసీ ఉందిగా ఇంకేం కావాలి అంటాడు ఆయన, ఆమె మొగుడు. ఏసీ బయటి గాలి తీసుకురాదండీ, లోపల ఉన్నదాన్నే చల్లబరిచి మళ్ళీ మొహాన కొడుతుంది, అని ఎన్నిసార్లు చెప్పిందో. చద్ది గాలిని చల్లగా వడ్డిస్తే తాజా గాలి అయిపోతుందా?

ఇవాళైనా నిద్రపోవాలి. ఇవాళైనా ఏమిటి, ఇవాళే పోవాలి. రాత్రికి ఐసీయూలో హెడ్ సిస్టర్ తన పక్కనే ఉంటానంది. చూద్దామమ్మా, అంది. కోప్పడితే తలవంచుకుని పడి ఊరుకోవచ్చు, ఆవిడ కోప్పడలేదు, జాలిపడింది, అదే గుచ్చుకుంటోంది. పోయిన వారం జరిగిన సంగతి అది. చేతిలో సిరంజి ఉంది. ఎదురుగా మంచం మీద స్పృహలేని మనిషి, ఆ మనిషి చేతికి అతికించిన సన్న గొట్టం. సిరంజి ఖాళీగా ఉంది. మందు ఇచ్చేసిందా, ఇవ్వడానికి ఇంకా నింపుకోబోతోందా? ఎంత వెతుక్కున్నా బుర్రలో జవాబు లేదు. నిలబడే నిద్రపోయింది, అదీ కళ్ళు తెరుచుకుని. ట్రేలో అప్పటికే విరగ్గొట్టి ఉన్న మందు గాజుగొట్టం కనబడబట్టి సరిపోయింది, లేకపోతే రెండోసారి ఎక్కించి ఉండేదేమో, ఆ మనిషి గుండె ఆ రెండో మోతాదుకు తట్టుకునేది కాదు. ఎవరూ చూడలేదు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలిసేదీ కాదు. ఆమే పోయి చెప్పింది, చెప్పకపోతే మళ్ళీ సిరంజి పట్టుకోలేననిపించింది. హెడ్ సిస్టర్ అంతా విని, చెప్పినందుకు మెచ్చుకుని, ఆ మెచ్చుకున్న నోటితోనే అంది, పగలు నిద్ర లేకపోతే రాత్రి నువ్విక్కడ వద్దమ్మా, ఓపీలో వేస్తాను, పేర్లు పిలుచుకుంటూ కూర్చుందువుగాని. పేర్లు పిలవడం! వెంటిలేటర్ మీదున్న మనిషికి యంత్రం ఊపిరి కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ, వాళ్ళ సొంత ఊపిరి వాళ్ళకు అప్పజెప్పి, గొట్టం తీసిన రోజు వాళ్ళ గొంతులోంచి వచ్చే ఆ మొదటి బొంగురు మాట విన్న చెవులతో, ఇక మీదట బల్ల వెనక కూర్చుని తరువాతి వాళ్ళు రండి అనడం. పగటి డ్యూటీ వేయించుకోరాదా అంటారు చుట్టాలు, అదేదో కూరగాయలు బేరమాడినట్టు. ఐసీయూలో పగలంతా సీనియర్లే, ఆమె వంతుకు వచ్చేది రాత్రే, పైగా ఆమెకు రాత్రే ఇష్టం. అది చెబితే ఎవరూ నమ్మరు.

ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నవాడెవడోగాని రాత్రి డ్యూటీ చేసి ఎరుగడు. నిద్రకు అన్నీ కావాలి. చీకటి కావాలి, చల్లదనం కావాలి, ఊపిరి కావాలి, అన్నిటికంటే ముందు ఈ లోకం కాసేపు నోరు మూసుకోవాలి. లోకం అంటే ముఖ్యంగా అత్తగారు. చిన్నబడిలో పంతులమ్మగా చేసి వచ్చిన గొంతు ఆవిడది, మైకు అక్కర్లేని కాలంలో తయారైన గొంతు, ఆవిడ రహస్యం చెబితే వీధి మలుపులో మందుల షాపువాడు ఊ కొడతాడు. చెల్లెలికి ఫోను చేస్తుంది, మధ్యలో ఆ ఫోను ఎందుకో తెలియదు, నేరుగా మాట్లాడినా ఆ చెల్లెలికి చేరుతుంది. గిన్నె కింద పెట్టడమంటే ఆవిడ లెక్కలో పడేయడమే. ఈ గది లేని రోజుల్లో, ముందుగదిలో పరదా కట్టుకుని పడుకునే రోజుల్లో, సరిగ్గా కన్ను మూతపడే వేళకు పరదా పక్కకు జరిపి, "అమ్మాయ్, పడుకున్నావా?" అని అడిగేది. లేదత్తయ్యా అంటే, "పడుకో పడుకో, పగలు పడుకోకపోతే రాత్రి ఎట్లా చేస్తావు" అనేది. నిద్రపోతున్న మనిషిని లేపి మరీ నిద్రపొమ్మని చెప్పేవాళ్ళు ప్రపంచంలో ఇంకెక్కడా ఉండరు, ఆమె అదృష్టం కొద్దీ సొంత ఇంట్లోనే దొరికారు. ఆవిడ చాలదన్నట్టు పెరటి గోడకు అవతల బళ్ళు బాగుచేసే మెకానిక్కు. వాడు స్కూటర్ మీద కూర్చుని ఎక్సలేటర్ తిప్పుతాడు, చెవి పెట్టి వింటాడు, సరిపోలేదని మళ్ళీ తిప్పుతాడు. వాడి చెవులు ఎప్పుడో పోయి ఉంటాయి, అందుకే అంతసేపు వినాల్సి వస్తుంది.

అప్పుడు ఆయనకు ఆలోచన వచ్చింది. ఆయనకు ఆలోచన వచ్చిందంటే ఇంట్లో వాళ్ళంతా ఒక్క అడుగు వెనక్కి వేస్తారు. ఆయన పని కారే కప్పుల్నీ చెమ్మ పట్టిన గోడల్నీ బాగుచేయడం, ఊళ్ళో అందరూ లీకేజీల డాక్టరు అంటారు, ఆ పిలుపు ఆయనకు తలకెక్కిన మాట నిజమే అయినా, పని మాత్రం నిఖార్సుగా చేస్తాడు. పెరట్లో పాత పెయింటు డబ్బాలూ, తాళ్ళూ, తుప్పు పట్టిన సైకిలూ పడేసిన చెక్క షెడ్డు ఒకటి ఉండేది. దాన్ని ఖాళీ చేసి, నీకు పగటి నిద్రకు గది కట్టిస్తా, లోపల బాంబు పేలినా బయటికి తెలియదు, బయట బాంబు పేలినా నీకు తెలియదు, అన్నాడు. శబ్దమంటే ఏమిటనుకున్నావు, నీళ్ళే, అన్నాడు, సూది మొన పట్టే సందు దొరికితే చాలు, దూరిపోతుంది. ఆ మాట తప్పని ఆమె ఇప్పటికీ అనదు. పాత చెక్కగోడలకు ఆనకుండా లోపల ఇంకో గది లేపాడు, గదిలో గది, మధ్యలో దట్టంగా చప్పుడును మింగే రాతి ఉన్ని కూరాడు, దాని మీద రెండు పొరల జిప్సం బోర్డు, రెండో పొర అతుకులు మొదటి పొర అతుకుల మీద పడకుండా జరిపి జరిపి బిగించాడు. కిటికీ మూసేశాడు. తలుపు చుట్టూ రబ్బరు పట్టీ. ఇక అక్కణ్ణుంచి ఆయనకు పూనకం వచ్చింది, సందులు పూడ్చే సీలెంటు తుపాకీ పట్టుకుని, మేకు దిగిన చోటల్లా, వైరు దూరిన చోటల్లా, చూరు కింద గాలాడ్డానికి పాతకాలం వడ్రంగి వదిలిన కన్నాలతో సహా, ఎక్కడ వెలుతురు చుక్క కనబడితే అక్కడ పూసి పూసి పెట్టాడు. నీళ్ళ ట్యాంకుకు చేసినట్టే చేశాడు. మనుషులు ట్యాంకులో బతకరన్న చిన్న సంగతి ఒక్కటే మరిచిపోయాడు.

మొదటి రోజు గుర్తుంది. ఎంత బాగా పడుకుందో! చీమ చిటుక్కుమన్నది లేదు. లేచేసరికి తల మీద రుబ్బురోలు పెట్టినట్టుంది. ఆసుపత్రి నుంచి తెచ్చుకున్న వేలి క్లిప్పు పెట్టుకుని చూసుకుంది, ఆక్సిజన్ బాగానే ఉంది, అంటే లోటు ప్రాణవాయువుది కాదు, వదిలిన గాలి పోవడానికి దారి లేక గదిలో పేరుకుపోతోంది. నిద్ర వస్తుంది గాని నిద్రలా ఉండదు, మత్తులా ఉంటుంది. తలుపు కొంచెం తెరిచి పడుకుంటే గాలితో పాటు అత్తగారూ, అత్తగారితో పాటు మెకానిక్కూ లోపలికొచ్చేస్తారు. మూస్తే ఊపిరి ఉండదు, తెరిస్తే నిద్ర ఉండదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం, మధ్యలో ఆమె. వారం రోజులు తలుపు తెరవడం, లేచి మూయడం, మళ్ళీ లేచి తెరవడం. ఆయన మాత్రం నొచ్చుకున్నాడు. కన్నం పెట్టమంటావా, నా చేతులతో నేను కన్నం పెట్టాలా, అని అడిగాడు, దొంగతనం చేయమన్నట్టు.

చివరికి ఎవరో చెబితే వెళ్ళి చూసొచ్చి గాలి పెట్టెలు చేశాడు. అవి మాత్రం మెచ్చుకోవాల్సినవే, ఎంత కోపంలో ఉన్నా ఆమె ఆ మాట దాచుకోదు. ప్లైవుడ్ పెట్టె, లోపల అడ్డపలకలు ఒకటి కుడి నుంచి, ఒకటి ఎడమ నుంచి, పాములా వంకర్లు తిరిగే దారి, దారి పొడవునా దళసరి కంబళి గుడ్డ అతికించి. గాలికి ఓపికెక్కువ, ఎన్ని మలుపులున్నా తిరిగి వస్తుంది, చప్పుడుకు ఓపిక లేదు, మలుపు మలుపుకూ గుడ్డకు కొట్టుకుని చచ్చిపోతుంది, అని చెప్పాడు, ఆ చెప్పేటప్పుడు ఆయన మొహం చూడాలి. ఒక పెట్టె కింద, దాని బయటి నోరు మెకానిక్కు వైపు కాకుండా ఇంటి వంటగది వైపు, అందులో చిన్న ఫ్యాను, గాలిని లోపలికి తోయడానికి. ఇంకోటి పైన, అటు గోడకు, వాడిన గాలి పోవడానికి. ఆ రోజు కాగితం కాల్చి పొగ పెట్టి చూపించాడు. పొగ బుద్ధిగా పై పెట్టెలోంచి బయటికి నడిచిపోయింది. కింద జాలీ ముందు ఈ కాగితం ముక్క కట్టింది కూడా ఆయనే, ఇది ఆడుతున్నంతసేపూ నీకు దిగుల్లేదు, అన్నాడు. ఆడుతున్నంతసేపూ దిగుల్లేని మాట నిజమే. మరి ఆడకపోతేనో?

ఆడటం లేదండీ అంటే నమ్మడు. సాయంత్రం పనినుంచి వచ్చి, చేతులైనా కడుక్కోకుండా గదిలో దూరి చూస్తాడు, అప్పటికి అది టపటపలాడుతూ ఉంటుంది, మొగుడొచ్చాక బుద్ధిమంతురాలైన కోడల్లా. "చూడు, ఎంత బాగా వస్తోందో!" "పొద్దున ఆగిపోతోందండీ." "ఆగిపోతే మళ్ళీ ఎట్లా వస్తుంది? గాలేమైనా నీ మీద అలిగిందా?" ఫ్యాను విప్పాడు, మోటారు చూశాడు, వేడెక్కి ఆగుతోందేమోనని మార్చేశాడు, కరెంటు పగలు తక్కువ వస్తోందేమోనని మీటరు పెట్టి చూశాడు, అంతా భేషుగ్గా ఉంది, తేడా ఉన్నది ఆమెలోనే అని తేల్చాడు. డ్యూటీ అలసట, భ్రమ. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఈ గది వల్ల ఒక్క లాభం మాత్రం జరిగింది, మొగుడూ పెళ్ళాం పోట్లాడుకోవడానికి చోటు దొరికింది. సాయంత్రం తలుపు లాగేసుకుని ఇద్దరూ గొంతులు చించుకుంటారు, గాలి వస్తోందని ఆయన, రావడం లేదని ఆమె, బయట అత్తగారు కూరగాయలు తరుక్కుంటూ, ఇంత సఖ్యంగా ఉన్న జంట ఉండదనుకుంటుంది కాబోలు. తలుపు తెరుచుకుని ఇద్దరూ నవ్వుమొహాలతో బయటికి వస్తారు. ఆవిడకు గాలి సంగతి చెప్పలేదు, పెట్టె సంగతీ చెప్పలేదు. అమ్మకు చెబితే ఊరికి చెప్పినట్టే, కట్టిన గదిలో గాలాడట్లేదట అని నా బేరాలు పోతాయి, అని ఆయన ముందే ఒట్టు వేయించుకున్నాడు.

నుదురు బరువెక్కడం మొదలయింది. పక్కకు తిరిగింది. ఎంత నిశ్శబ్దమో. ఇంత నిశ్శబ్దం కూడా మంచిది కాదేమో, తన రక్తం తన చెవిలో పారడం వినబడుతోంది, దాని వెనకాల ఎక్కడో మందు పంపు అలారం టింగుమన్నట్టుంది. లేదు. ఇది ఇల్లు. ఐసీయూలో చప్పుళ్ళు ఆగితేనే ప్రమాదం, ఏ యంత్రం నోరు మూసుకుందా అని అందరి తలలూ ఒకేసారి లేస్తాయి. బయట వాళ్ళేం చేస్తుంటారిప్పుడు? అత్తగారు టీవీ పెట్టుకుని ఉంటుంది, గట్టిగా, ఇక అడిగేవాళ్ళు ఎవరున్నారని. కోడలిని డబ్బాలో పెట్టి మూత పెట్టేశాక ఆవిడకు పండగే. ఒకసారి ఎవరితోనో అంటుండగా తనే విన్నది, మా ఇంట్లో పగలే అర్ధరాత్రి అని. ఏమనుకుని అందో. ఆవిడ మాత్రం ఏం చేస్తుంది, మనవరాలు బడికి, కొడుకు పనికి పోయాక ఆ ఇంట్లో మాట్లాడ్డానికి మనిషి లేదు, ఉన్న ఒక్క మనిషీ పెట్టెలో దూరి పడుకుంటుంది, మాట్లాడటమే బతుకైన మనిషికి అదెంత శిక్షో. ఛీ, మళ్ళీ ఆవిడ మీద జాలి. నీ మీద నువ్వు జాలిపడు ముందు, రాత్రికి సిరంజి పట్టుకోవాలి. ఖాళీ సిరంజి పట్టుకుని మళ్ళీ అట్లా నిలబడిపోతే, ఈసారి ట్రేలో ఆ విరిగిన గాజుగొట్టం కనబడకపోతే? నిద్రపో. నిద్రపోవే. అంకెలు వెనక నుంచి లెక్కపెట్టింది. తను గొట్టం తీసిన వాళ్ళ మొహాలను వరసగా తలుచుకుంది, గొర్రెల్ని లెక్కపెట్టినట్టు వాళ్ళను లెక్కపెడుతున్నందుకు సిగ్గేసి మానేసింది. కాగితం కదల్లేదు.

మొన్న కొత్తగా చేరిన నర్సమ్మాయి ఇట్లాగే చేసింది. మంచం మీద పెద్దాయనకు గాలి సరిగా పోవడం లేదని వెంటిలేటర్ మొత్తుకుంటోంది, ఆ పిల్ల యంత్రం ముందు నిలబడి బొత్తాలు నొక్కుతోంది, నొక్కేకొద్దీ అది ఇంకా మొత్తుకుంటోంది. ఆమె పరుగున పోయి ఆ పిల్ల చేయి పక్కకు లాగి, యంత్రాన్ని తరువాత చూడు, ముందు మనిషిని చూడు, ఆ తరువాత గొట్టాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా చేత్తో తడుముకుంటూ పో, అని పోయి చూస్తే, తలగడ సర్దినప్పుడు గొట్టం మంచం కమ్మీకీ పరుపుకీ మధ్య నలిగి ఉంది. నలిపింది ఎవరు? ఆ పిల్లే, పాపం, పెద్దాయనకు మెడ నొప్పెడుతుందేమోనని తలగడ సర్దింది. చేత్తో తడుముకుంటూ పో. ఈ చివర నుంచి ఆ చివర దాకా. ఆమె కళ్ళు తెరిచింది. ఆయన మాత్రం? నర్సుల హాస్టల్లో స్నానాలగది కప్పు కారుతోందని బాగుచేయడానికి వచ్చిన రోజున, నిచ్చెన మీద నిలబడి, కింద బకెట్టు పట్టుకున్న ఈమెతో ఆయన అన్న మొదటి మాటే అది కదా, మరక ఇక్కడుందని కారేది ఇక్కడే అనుకోకండి సిస్టర్, నీళ్ళు ఎక్కడో దూరి ఎక్కడో దిగుతాయి. ఆ మాటకే కదా పడిపోయింది. ఊరందరి కప్పులెక్కి వెతికే మనిషి సొంత పెరట్లో ఫ్యాను తప్ప చూడడు, అదీ సాయంత్రం. ఊరందరి గొట్టాలు తడిమే తను ఈ మంచం మీద పడుకుని జాలీ ఈ వైపు తప్ప చూడదు. పెట్టె రెండో చివర, బయట, వంటగది వైపు, ఇప్పుడు, ఈ వేళప్పుడు ఎట్లా ఉందో ఇంటిల్లిపాదిలో ఎవరైనా ఒక్కసారి చూశారా? ఇద్దరూ ఇద్దరే! ఒళ్ళు మండిపోయి, దుప్పటి కాళ్ళతో తన్నేసి లేచింది.

రబ్బరు పట్టీ వదిలిన చప్పుడుతో తలుపు తెరుచుకుంది. ఎండ మొహాన కొట్టింది, దాంతో పాటు గాలి, ఒట్టి పెరటి గాలి, తడి బట్టల వాసనా మెకానిక్కు ఆయిలు వాసనా కలిసినది, ఆమె గుమ్మంలోనే నిలబడి దాన్ని గుండెల నిండా తాగింది. అప్పుడు తట్టింది, ఏదో తేడాగా ఉంది. తలుపు బార్లా తెరిచి ఉన్నా లోపల ఎంత నిశ్శబ్దంగా ఉందో బయటా దాదాపు అంతే ఉంది. టీవీ లేదు. ఫోనులో చెల్లెలు లేదు. వంటింట్లోంచి గిన్నె మోగలేదు. మనసు కీడు శంకించింది, ఎంతైనా పెద్ద వయసు మనిషి, ఇంట్లో ఒక్కతే, ఈ నిశ్శబ్దం ఆవిడది కాదు. చెప్పులు కూడా వేసుకోకుండా షెడ్డు పక్కనుంచి గబగబా వంటింటి వైపు నడిచింది.

వంటగది వైపు, షెడ్డు గోడ నీడలో, పాత బల్ల ఒకటి వేసి ఉంది. బల్ల మీద అత్తగారు. వీపు షెడ్డు గోడకు ఆనించి, కాళ్ళు చాపుకుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని, నోరు కొద్దిగా తెరుచుకుని నిద్రపోతోంది. సరిగ్గా చూస్తే వీపు ఆనింది గోడకు కాదు, గాలి పెట్టె నోటికి. నోటికీ వీపుకీ మధ్య, నాలుగు మడతలు పెట్టిన బొంత, కొంత పెట్టె లోపలికి కూరి, కొంత చుట్టూ సందులు లేకుండా నొక్కి, చాలా శ్రద్ధగా, కొడుకు చూస్తే మెచ్చుకునేంత పనితనంగా. లోపల ఫ్యాను పాపం శక్తికొద్దీ మూలుగుతోంది.

పెరటి గోడ అవతల నుంచి మెకానిక్కు తల పైకి లేచింది. ఆమెను చూసి కంగారుపడి, చేతిలోని స్పానరు మెల్లగా గోడ మీద పెట్టాడు.

"లేచారేంటమ్మా? నేనేం చప్పుడు చెయ్యలేదు, మీరే చూడండి." గొంతు తగ్గించి చెప్పాడు. "రోజూ మీరు లోపలికి పోగానే పెద్దమ్మగారు బొంత పట్టుకుని వచ్చేస్తారు. ఆ కన్నంలోంచి చప్పుడంతా మీకు పోతుందంట. ఇంత కట్టినోడు ఇక్కడ కన్నం వదిలేశాడేంటి మతిలేనోడు, అంటారు. మీరు లేచే టయానికి తీసేస్తారు, నీ అమ్మానాన్నలకు చెప్పావంటే నీ బడి మానిపిస్తా అని, సెలవు రోజు చూసిన మీ పాపను కూడా బెదిరించారు."

"నువ్వైనా చెప్పొచ్చుగా?"

"నాకేం తెలుసమ్మా అది దేనికో! నన్నే బండి రేజ్ చెయ్యనివ్వరు. వీధి చివరికి తోసుకెళ్ళి, అక్కడ స్టార్ట్ చేసుకుని, మళ్ళీ తోసుకొస్తున్నా. నా నడుము పడిపోయింది."

వాడు తల దించుకుని గోడ వెనక్కి మాయమయ్యాడు. స్పానరు తీసుకోవడం మరిచిపోయాడు.

ఆమెకు మండుకొచ్చింది. ఇన్నాళ్ళ తలనొప్పులు, ఇన్ని పోట్లాటలు, మార్చిన మోటారు, ఆ రాత్రి చేతిలో ఖాళీ సిరంజి, అన్నిటికీ మూలం ఇదిగో ఈ బొంత. చంపేస్తున్నారు అత్తయ్యా మీరు నన్ను, రోజూ పద్ధతిగా గొంతు మీద తలగడ పెట్టి నొక్కుతున్నారు, అది కన్నం కాదు నా ముక్కు, ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఇది దేనికని అడిగితే మీ సొమ్మేం పోయింది, ఊరందరితో మాట్లాడతారే, ఈ ఒక్క మాట దగ్గర నోరు పడిపోయిందా? మాటలన్నీ వరసగా వచ్చి నాలుక చివర నిలబడ్డాయి. దగ్గరికి పోయింది. అత్తగారి మొహాన చెమట పట్టి ఉంది, నీడ జరిగి భుజం ఎండలో పడింది, అయినా జరగలేదు, జరిగితే బొంత జారుతుందని కాబోలు. బల్ల మీద పక్కన చిన్న కర్ర, కుక్కల కోసమో, కాకుల కోసమో. టీవీ లేదు, చెల్లెలు లేదు, నోరు లేదు. ఎన్నాళ్ళ నుంచి ఈవిడ ఇట్లా పొద్దంతా నోరు మూసుకుని కూర్చుంటోంది? ఆమెకు ఏడుపు వచ్చింది, నవ్వూ వచ్చింది, కోపం మాత్రం పోలేదు, పోనని మొండికేసి గొంతులోనే కూర్చుంది. వంగి, ఎండలో ఉన్న ఆ భుజం మీద చేయి వేసి కుదిపింది.

"అత్తయ్యా!"

అత్తగారు కళ్ళు తెరవలేదు. నిద్రలోనే కనుబొమలు ముడిచి, వేలెత్తి పెదవుల మీద పెట్టుకుంది. "ష్! మెల్లగా. కోడలు పడుకుంది."

ఆమె అరవబోయిన నోరు మూసుకుంది.

"కాస్త అటు జరగండి అత్తయ్యా," అంది, వీలైనంత మెల్లగా.

ఎవరో ఏమిటో చూసుకోకుండానే అత్తగారు నిద్రమత్తులో జరిగి, పక్కన ఒక మనిషికి సరిపడా చోటిచ్చింది. బొంత జారి కింద పడింది. పెట్టె నోట్లోకి గాలి బుస్సుమని దూరింది. ఆమె ఆ చోట్లో కూర్చుంది. లోపలికి పోయి పడుకోవాలి, ఈవిడ లేచాక దులిపేయాల్సింది చాలా ఉంది, సాయంత్రం ఆయన వచ్చాక అంతకంటే ఎక్కువ ఉంది, ఒక్క నిమిషం కూర్చుని లేద్దాం, అనుకుంటూ గోడకు తల ఆనించింది. ఆ నిమిషం కాకముందే నిద్రపోయింది. ఎవరూ లేని గదిలోకి గాలి చక్కగా వెళుతోంది.